సమస్య: బొమ్మలోని నీరు పొలము తడిపె

పర్లాకిమిడి (నిర్వహణ): ఈ వారం ఛందస్సు ఆటవెలది; పై సమస్య చివరి పాదంగా రావాలి. మనం ఊరి పేర్లతోనే రాద్దాం. మీ మనసులో నిలిచిపోయిన చిత్రాన్ని తలచుకుని పూరించండి.

బరంపురం:
ఎండ కాచు వేళ నెద్దుల నదలించి
దున్ను రైతు నుదుట తొణికె చెమట;
చాలు వెంటఁ జాలు జాల్వాఱఁగాఁ గను
బొమ్మలోని నీరు పొలము తడిపె.

పర్లాకిమిడి: కనుబొమ్మగా విరవడం బాగుందక్కా. "చాలు వెంటఁ జాలు" దగ్గర నాగలి కనబడింది. కానీ చెమట కనుబొమ్మ మీద ఉంటుంది, లోపల కాదు. పైగా నేనడిగిన చిత్రమే ఇందులో లేదు.

రాయగడ: చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) గీసిన "ఋష్యశృంగ బంధనం" అంటే నాకు ప్రాణం. ముప్ఫయ్యేళ్లు నిండకుండానే పోయాడు మహానుభావుడు.
అంగభూమి యెండ నచ్చోటి కరుదెంచె
ఋష్యశృంగమౌని యింతి వెంట,
వానఁ దెచ్చె, నట్టి వానినే వ్రాయఁగ
బొమ్మలోని నీరు పొలము తడిపె.

బరంపురం: రెండో పాదంలో ఋకు ఇతో యతి (అక్షరమైత్రి) చెల్లుతుందా తమ్ముడూ?

పర్లాకిమిడి: చెల్లుతుంది. ఇ ఈ ఎ ఏలతో ఋకు మైత్రి ఉంది. నా సందేహం వేరు. చిత్రం పేరే బంధనం, వాన ఆ తరవాతి కథ. ఈ నీరు బొమ్మలోంచి కాదు, పురాణంలోంచి వచ్చింది.

గుణుపురం: మా వైపు సవర గిరిజనుల గోడబొమ్మ ఇడితాల్‌ని మించిన చిత్రం నాకు లేదు.
ఎఱ్ఱమట్టి గోడ నిసుమంత పిండితో
వాన గీసె సవర, వంగి మొక్కె;
వేల్పు కరఁగెనేమొ, విత్తిన నాఁడె యా
బొమ్మలోని నీరు పొలము తడిపె.

రాయగడ: అన్నా, మూడో పాదం గుండె పట్టుకుంది. అయితే ఇడితాల్‌లో వాన గీయగా నేనెక్కడా చూడలేదు. సూర్యుడు, చంద్రుడు, గుర్రం, ఏనుగు, దువ్వెన ఉంటాయి. వాటి చుట్టూ గీసే చతురస్రం వేల్పు దిగడానికి కట్టిన ఇల్లు. "వాన గీసె" అంటే అది వేరే బొమ్మ అయిపోతుంది.

గుణుపురం: నిజమే తమ్ముడూ, తప్పు నాదే. చిన్నప్పుడు నాన్నతో సంతకెళ్లి వస్తూ ఒక సవర ఇంట్లో చూశాను. చీకటి గది. వెదురుపుల్ల కొస, చిప్పలో బియ్యప్పిండి. గీసే ఆయన నీళ్లు చుక్కచుక్కగా పోసుకుంటున్నాడు, ఎక్కువైతే గీత కారిపోతుందని. బొమ్మలో ఉన్న నీరు అదే. రెండో పాదం మారుస్తాను: "వానఁ గోరి సవర వ్రాసె నిల్లు".

పర్లాకిమిడి: వా–వ్రా యతి కుదిరింది. మరి ఆ చుక్క నీరు పద్యంలోకి రావాలి కదా! "ఇసుమంత పిండితో" తీసి "ఇదె తడిపిండితో" అనండి. ఆ చోట నల, ర గణాలే పడతాయి, ఎ–ఇ యతీ చెడదు.

గుణుపురం:
ఎఱ్ఱమట్టి గోడ నిదె తడిపిండితో
వానఁ గోరి సవర వ్రాసె నిల్లు;
వేల్పు కరఁగెనేమొ, విత్తిన నాఁడె యా
బొమ్మలోని నీరు పొలము తడిపె.