అమ్మ గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి, ఏం చెప్పాలో తెలియడం లేదు

చిన్నమ్మాయి:

అందరికీ నమస్తే. అమ్మ పోయి పదహారు రోజులైంది. మేము క్యాథలిక్కులం, ముప్పయ్యో రోజున ఆమె ఆత్మ కోసం చర్చిలో పూజ చెప్పిస్తున్నాం. దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరమని నమ్మి తీసుకునే అప్పం) తీసుకున్నాక, చివరి ప్రార్థన అయిన తర్వాత, ఇంటి తరఫున ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడొచ్చని ఫాదర్‌గారు అన్నారు. నలుగురు పిల్లల్లో నేనే చిన్నదాన్ని, కానీ చివరి ఆరేళ్ళూ అమ్మ నా దగ్గరే ఉంది కాబట్టి నువ్వే మాట్లాడు అన్నారు అందరూ.

నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ చింపేశాను. "మా అమ్మ గొప్ప భక్తురాలు, త్యాగమూర్తి, సేవే ఆమె ఊపిరి" అని మొదలుపెడతాను, అక్కడితో ఆగిపోతుంది. అవి అబద్ధాలు కావు. కానీ అందులో మా అమ్మ కనపడటం లేదు, ఎవరి అమ్మకు పెట్టినా సరిపోతాయి ఆ మాటలు.

నాకు గుర్తొచ్చేవన్నీ చిన్న చిన్న విషయాలు. తెల్లవారుజామున ఐదింటికి జపమాల. జపమాలకు 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు రహస్యాలని, ధ్యానించడానికి క్రీస్తు జీవితంలోని ఐదు ఘట్టాలు చేర్చినప్పుడు అమ్మకు యాభై దాటాయి, మిగతావి చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు గానీ ఇవి గుర్తుండేవి కావు, అందుకని యోర్దానులో జ్ఞానస్నానం, కానా పెళ్ళి అంటూ ఐదూ ఒక చీటీ మీద రాసుకుని ప్రార్థన పుస్తకంలో అంటించుకుంది. వాటిని చెప్పే గురువారం వస్తే కళ్ళజోడు పెట్టుకుని ఆ చీటీ చూసి చెప్పేది. ఆదివారం పూజయ్యాక గుడికి రాలేని జబ్బుమనుషులకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్ళేది. మెడలో చిన్న సంచి, అందులో గుండ్రటి డబ్బీ. వెళ్ళేటప్పుడు దారిలో ఎవరు పలకరించినా నవ్వి తలాడించేది అంతే, మాట్లాడేది కాదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అందరితో ఆగి ఆగి కబుర్లు. ఇలాంటివి గుడిలో చెప్పొచ్చా? మరీ చిన్నవేమో అని టెన్షన్‌గా ఉంది.

ఇంకో సంగతి. మా రెండో అన్నయ్య గుడికి రావడం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. దాని మీద అమ్మకూ అతనికీ గొడవలు జరిగాయి, ఒకసారి కొన్ని నెలలు మాటల్లేవు కూడా. అమ్మ అతని కోసం ప్రార్థించని రోజు లేదు. ఆ మాట చెప్పకపోతే అమ్మ జీవితంలో సగం వదిలేసినట్టే. చెబితే అతను అక్కడే కూర్చుని ఉంటాడు.

పాత_గాయకుడు:

అమ్మగారి ఆత్మకు నిత్యవిశ్రాంతి కలగాలి. నేను గుడిలో పాటల బృందంలో చాలా ఏళ్ళు పాడాను, అంత్యక్రియల పూజలూ స్మారక పూజలూ ఎన్నో చూశాను, ఇలాంటి మాటలు కూడా చాలా విన్నాను.

ఫాదర్‌గారు మీకు ఆ చోటే ఎందుకిచ్చారో ముందు చెప్తాను. అంత్యక్రియల పూజలో ప్రసంగం ఉండాలి గానీ అది చనిపోయినవాళ్ళను పొగిడే ప్రసంగం కాకూడదని పూజ నియమావళిలో 382వ అంశం. అక్కడ చెప్పాల్సింది క్రీస్తు మరణ పునరుత్థానాల గురించి. మనిషి గురించి ఇంటివాళ్ళు చెప్పుకోవాలంటే, చివరి ప్రార్థన తర్వాత కాసేపు చెప్పుకోవచ్చు. మీది ముప్పయ్యో రోజు పూజే అయినా పద్ధతి అదే. అంటే పొగడ్త బాధ్యత మీ మీద లేదు. చాలామంది అక్కడ నిలబడగానే పొగడాలనుకుంటారు, అక్కడే తప్పిపోతారు.

చిన్నవేమో అంటున్నారు గానీ, ఆ గురువారం చీటీ చదివి నేను కాసేపు ఆగిపోయానండీ. యాభై దాటాక కూడా కొత్తగా ఐదు రహస్యాలు నేర్చుకోవడానికి చీటీ రాసుకున్న మనిషి అని చెబితే చాలు, భక్తురాలని విడిగా చెప్పనక్కర్లేదు. దివ్యసత్ప్రసాదం మెడలో ఉండగా మాట్లాడకుండా నడిచిన మనిషి అంటే ఆవిడ దేన్ని నమ్మిందో గుడిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. ఆ రెండింటికే మూడు నిమిషాలు పట్టనివ్వండి. ఊళ్ళు, ఉద్యోగాలు, ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు పెళ్ళయింది, అవన్నీ వదిలేయండి.

పేపర్ చూసి చదవండి, అందులో తప్పేం లేదు. ఇంట్లో ఒకటికి నాలుగుసార్లు గట్టిగా చదివి చూసుకోండి. ఏ వాక్యం దగ్గర గొంతు పూడుకుపోతుందో ముందే తెలుస్తుంది, ఆ వాక్యాన్ని చిన్నది చేసుకోండి.

ఒక_తల్లి:

పైన అన్నగారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతున్నాను, ఇది నేను చేసిన పొరపాటు కాబట్టి.

మా అమ్మ పోయినప్పుడు నేను మైకు పట్టుకుని "మా అమ్మ ఇప్పుడు పరలోకంలో ఉంది, ఆమె మాకు పునీతురాలు" అనేశాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మా మేనత్త ఒకావిడ, పెద్దావిడ, నన్ను పక్కకు పిలిచి "అలా అంటే ఇంక మీ అమ్మ కోసం ఎవరు ప్రార్థిస్తారే" అంది. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆమె చెప్పింది నిజం, పరలోకం చేరిన పునీతులకు మన ప్రార్థన అక్కర్లేదు కదా. ఆత్మల కోసం పూజలు చెప్పించడం, నవంబరు 2న వాళ్ళందరినీ తలుచుకోవడం, సమాధుల దగ్గరికి వెళ్ళి ప్రార్థించడం, ఇవన్నీ వాళ్ళకు మన ప్రార్థన అవసరమని నమ్మే కదా చేస్తున్నాం. నేను మా అమ్మను ఒక్క వాక్యంతో పునీతురాలిని చేసేసి ఆమెకు రావాల్సిన ప్రార్థనలు పోగొట్టాను అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

పునీత అగస్తీను తల్లి, పునీత మోనికమ్మను చూడండి. 387లో ఇంటికి తిరిగి వెళ్తూ దారిలో రోము దగ్గరి ఓస్తియా రేవులో జబ్బుపడింది. సొంత దేశంలో సమాధి చేస్తే బాగుండునని ఒక కొడుకు అంటే, ఈ దేహాన్ని ఎక్కడైనా పెట్టండి, మీరు ఎక్కడున్నా దేవుని పీఠం దగ్గర నన్ను తలుచుకోండి, అంతే చాలు అందట. అంతటి తల్లే అడిగింది, మనం మన అమ్మల తరఫున అడగడానికి మొహమాటం ఎందుకు? మీ మాటల చివర్లో "అమ్మ కోసం ప్రార్థించండి" అని సూటిగా అడగండి.

అయితే మోనికమ్మ పేరు మాత్రం మీ మాటల్లో తీసుకురాకండి. ఆ పేరు వినగానే ఆమె విశ్వాసానికి దూరమైన కొడుకు అగస్తీను కోసం ఏళ్ళ తరబడి ఏడ్చిన సంగతే అందరికీ గుర్తొస్తుంది, అందరి చూపూ మీ అన్నయ్య మీదికే పోతుంది.

దూరమైన_కొడుకు:

మీ అన్నయ్య స్థానంలో ఉన్న మనిషిని నేను. గుడి మానేశాను. కారణాలు ఇక్కడ అనవసరం.

మా అమ్మ సమాధి దగ్గర మా చెల్లి అందరి ముందూ "అమ్మ చివరి కోరిక అన్నయ్య తిరిగి రావాలని" అంది. ప్రేమతోనే అంది, నాకు తెలుసు. కానీ ఆ రోజు నేను అమ్మను పోగొట్టుకున్న కొడుకుగా కాకుండా అమ్మను బాధపెట్టిన కొడుకుగా నిలబడ్డాను అక్కడ. దయచేసి అలా చేయకండి.

ఫోన్ చేయండి. "నేను మాట్లాడాలి, నీకు అమ్మ గురించి ఏం గుర్తుంది" అని అడగండి. ప్రార్థన సంగతి ఎత్తకండి. గుడి వదిలేసిన వాళ్ళకు కూడా అమ్మ భక్తి గుర్తుంటుంది, కొన్నిసార్లు మీకంటే ఎక్కువ గుర్తుంటుంది, ఎందుకంటే మేము దాన్ని దూరం నుంచి చూశాం.

మంచం_పక్కన:

మా నాన్న మూడేళ్ళు మంచంలో ఉన్నారు. మీ అమ్మగారిలాంటి ఒకావిడ ప్రతి ఆదివారం వచ్చేది. మొదట్లో నాన్న ఒప్పుకోలేదు, ఫాదర్ చేతి నుంచైతేనే తీసుకుంటానన్నారు. విశ్వాసులు కూడా ఇవ్వొచ్చని 1973లోనే రోము నుంచి అనుమతి వచ్చిందని మేము వాదించాం. ఆవిడ వాదించలేదు. తర్వాతి వారం ఫాదర్‌ని వెంటబెట్టుకుని వచ్చింది, ఆయనే ఇచ్చారు, ఆవిడ పక్కన మోకరించింది. ఆ పై వారం నుంచి నాన్న ఆవిడ కోసం ఎదురుచూసేవారు. ప్రార్థనయ్యాక వెంటనే వెళ్ళిపోయేది కాదు, నాన్న గోళ్ళు తీసేది, ఆయన చెప్పిన కథే మళ్ళీ చెబుతుంటే మొదటిసారి విన్నట్టు వినేది.

ఇవి ఆవిడ పిల్లలకు తెలుసని నేను అనుకోను. ఇంటికెళ్ళి చెప్పుకునే మనిషి కాదు. మీ అమ్మగారు వెళ్ళిన ఇళ్ళకు ఒకసారి మీరూ వెళ్ళండి. ఇంకా రెండు వారాలు ఉన్నాయి కదా.

చిన్నమ్మాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. వారం తర్వాత రాస్తున్నాను.

మూడిళ్ళకు వెళ్ళాను. ఒక ముసలాయన అమ్మ గురించి ఏమీ చెప్పలేదు, నా చేయి పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇంకో ఇంట్లో ఒకావిడకు చూపు లేదు. దివ్యసత్ప్రసాదం ఇచ్చాక ఆ వారం బైబిల్ పఠనాలు అమ్మ ఆమెకు మొత్తం చదివి వినిపించేదట, గంట పైనే పట్టేదట. ఆదివారం ఎందుకింత ఆలస్యం చేస్తావని నేను విసుక్కున్న రోజులున్నాయి.

అన్నయ్యకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "జపమాల నీ దగ్గరే ఉందా, తీగ ఒకసారి చూడు" అన్నాడు. తీసి చూస్తే నాలుగు చోట్ల అతుకులు. తెగినప్పుడల్లా అమ్మ దాన్ని సంచిలో వేసి దాచి, అన్నయ్య వచ్చేదాకా ఆగి అతని చేతికే ఇచ్చేదట, చిన్నప్పటి నుంచీ. గుడి మానేశాక కూడా. మాటల్లేని ఆ నెలల్లో తెగితే కొరియర్‌లో పంపిందట, ఉత్తరం ఏమీ లేకుండా. అతుకు వేసి తిరిగి పంపాడట, తనూ ఏమీ రాయకుండా. ఇన్నేళ్ళలో నాకు తెలియదు ఇది.

ఇది చెప్పనా అని అడిగాను. కాసేపు ఆలోచించి "చెప్పు, చివరి అతుకు రాగి తీగ, మిగతావాటికి రంగు కలవలేదని అమ్మ తిట్టింది, అది కూడా చెప్పు" అన్నాడు. పూజకు వస్తాడో రాడో అడగలేదు.

ఐదోసారి రాశాను, ఈసారి చింపలేదు. "గురువారాల్లో మా అమ్మ జపమాల కాస్త ఆలస్యమయ్యేది" అని మొదలవుతుంది. చివర్లో ప్రార్థించమని అడుగుతున్నాను. మీరు కూడా ఆ రోజు ఆమెను తలుచుకోండి.