‘మార్చ్ ఆఫ్ ది విమెన్’ పాట: ప్రాస సరే, లయ ఎలా చూడాలి?

ప్రశ్న: అసైన్‌మెంట్‌కి సిసిలీ హామిల్టన్ రాసిన ఈ బ్రిటిష్ ఓటుహక్కు గీతం తీసుకున్నాను. సాంగ్–అలాంగ్, బ్రేకింగ్–వేకింగ్ అని పాదం విడిచి పాదం అంత్యప్రాస ఉంది, అది తెలుస్తోంది. ఛందస్సే ఏ లెక్కకీ అందట్లేదు. రేపే ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

జవాబు: అక్షరాలు లెక్కపెట్టకండి, ఊనిక (స్ట్రెస్) ఎక్కడ పడుతుందో చూడండి. ‘షౌట్, షౌట్, అప్ విత్ యువర్ సాంగ్’లో షౌట్, షౌట్, అప్, సాంగ్, నాలుగు దెబ్బలు. రెండో పాదంలో అక్షరాలు పెరిగినా క్రై, విండ్, డాన్, బ్రేక్ మీద దెబ్బలు నాలుగే. ఎథెల్ స్మిత్ 1910లో కట్టిన కవాతు బాణీ కదా, నడుస్తూ పాడితే ఇట్టే తెలిసిపోతుంది.

జవాబు: పునరుక్తిని వదలొద్దు. షౌట్, మార్చ్, లాంగ్, స్ట్రాంగ్ అని మొదటి రెండు చరణాల్లో మాట రెండేసిసార్లు వస్తుంది, మూడోదాంట్లో మాత్రం ‘కామ్రేడ్స్’ అని పిలిచి, తర్వాత ‘స్కార్న్‌డ్, స్పర్న్‌డ్’ అంటుంది. మాటలు వేరు, మొదటి శబ్దం ఒకటే. ముందుగా పోరాటంలో దిగినవాళ్లని పలకరించే చరణం అది, నన్నడిగితే మార్కులు అక్కడే ఉన్నాయి. (1912లో లండన్‌లోని హాలోవే జైల్లో ఓటుహక్కు ఖైదీలు ఇది పాడుతుంటే, తనూ అక్కడే ఖైదీగా ఉన్న స్మిత్ కిటికీలోంచి టూత్‌బ్రష్‌తో తాళం వేసిందని ఆర్కెస్ట్రా కండక్టర్ థామస్ బీచమ్ చెప్పాడు.)

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి నాలుగో చరణంలో ‘లైఫ్, స్ట్రైఫ్’ని పునరుక్తి కింద రాయాలా, అంతఃప్రాస కిందా?

జవాబు: అంతఃప్రాస. ‘ఆన్, ఆన్’ పునరుక్తి.