సమస్యాపూరణం: "ఎర్రగడ్డ దినిన వెర్రి గుదురు"

సంచాలకులు: ఈ వారం ఇదీ సమస్య. కడప, చిత్తూరు వాళ్ళకు ఎర్రగడ్డంటే ఉల్లిపాయే కాబట్టి ఇందులో వింతేమీ కనబడదు. హైదరాబాదు వాళ్ళకు మొదటి మాటకే పిచ్చాసుపత్రి గుర్తొస్తుంది. యతి తప్పిందని గొడవకు రాకండి, ఎర్ర-వెర్రి ప్రాసయతి ఉంది.

పినాకిని: క్రమాలంకారంలో, మూడు ప్రశ్నలకు వరుసగా మూడు జవాబులు

కడప నుల్లి పేరు గడియలో జెప్పుమా?
ఆకలారు టెట్టు లన్నమున్న?
మందు వేళ కిడిన మనసున కేమగున్?
ఎర్రగడ్డ దినిన వెర్రి గుదురు

గౌతమి: నా పూరణ

అత్త సీమవాసి, యల్లుడు పట్నపు
వాడు, పిచ్చి కూత వదరుచుండ
వెల్లుల్లి తోడ వేగ దెచ్చుచు బల్కె
"ఎర్రగడ్డ దినిన వెర్రి గుదురు"

పినాకిని గారి ప్రశ్నోత్తరాలు ముచ్చటగానే ఉన్నాయి. కానీ పాదాన్ని మూడు జవాబులుగా తెంపాక "తినిన" అనాలి కదా? ఆ దకారం ఎక్కడిది?

పినాకిని: సంచాలకులు ఇచ్చిన దకారం, వారినే అడగండి. ముందు మీ మూడో పాదం చూసుకోండి. "వెల్లుల్లి"లో మొదటి రెండూ గురువులే, సూర్యగణం (గురువు, లఘువు గానీ, మూడు లఘువులు గానీ) ఎలా అవుతుంది? అయినా సీమ అత్త వంటింట్లో వెల్లుల్లి ఎందుకుంటుంది, తెల్లగడ్డ ఉంటుంది గానీ! "తెల్లగడ్డ తోడ దెచ్చి యిచ్చుచు బల్కె" అంటే గణాలూ యతీ కుదురుతాయి, యాసా నిలుస్తుంది.

గోస్తని: సవరణ భేష్. మా విశాఖలో వెర్రి కుదరాలంటే పిచ్చాసుపత్రి ఉన్న చినవాల్తేరే. ఆ మాట పాదం మొదట పెడదామంటే "చిన" వెంటనే గురువు పడి గణం చెడుతోంది.

మంజీర: అసలు చమత్కారం ఎవరూ పట్టలేదే! ఎర్రగడ్డ రైతుబజారుకెళ్ళి ఎర్రగడ్డ కావాలంటే "ఇదే ఎర్రగడ్డ" అంటారు. ఉల్లిగడ్డ అని అడగాలె. గౌతమి గారి అల్లుణ్ణి అక్కడికి పంపితే పద్యం పండేది. పదాల దగ్గర వారికిది కొత్త కాదులెండి. "బీరకాయలోన బెల్లమూరె" పూరణలో సూర్యగణం కోసం ఆనపకాయను "అనపకాయ" చేశారు.

గౌతమి: ఒక్క దీర్ఘం! ఛందస్సు కోసం ఆమాత్రం చెల్లదా?

పినాకిని: చెల్లదు. చిత్తూరులో అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటే పితికి తోలు తీసి, పితికిపప్పు చేస్తారు. మీ దీర్ఘం పోయి సొరకాయ కాస్తా చిక్కుడైంది.

గోస్తని: గౌతమి గారూ, ఇప్పుడా సొరకాయను పితకాలా, తరగాలా?

సంచాలకులు: అనప గొడవ పాత సమస్య కిందికి మార్చుకోండి. దకారం మాత్రం అలాగే ఉంటుంది. పూరణలు రేపు రాత్రి 8 లోపు.