నర్సింగ్ చదివాను. ఆరోగ్యాన్నీ సమాజాన్నీ కలిపి చదవాలంటే ఎటు వెళ్లాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ చేసి మూడేళ్లుగా డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. అక్కడ నాలుగేసి గంటలు మంచం మీద ఉండేవాళ్లలో చాలామంది కొబ్బరి, జీడి తోటల్లో కూలికి వెళ్లినవాళ్లే. మొన్న ఒకాయన, చేతికి సూది గుచ్చుతుంటే, "ఇవాళ కూలి పోయింది, ఆటోకి అప్పు చేశానమ్మా" అన్నారు. ఆ మాట ఏ కేస్ షీట్‌లోనూ రాయం. మా ఉద్దానంలో ఇంతమందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లంటారు, ఎండలో పని అంటారు, పురుగుమందులంటారు. వీటన్నిటినీ కలిపి చూసే చదువు కావాలి నాకు.

జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ సెంటర్, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో సోషల్ ఎపిడెమియాలజీ (జబ్బుల వెనక సామాజిక కారణాలు చూసే చదువు) ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్, తిరువనంతపురంలో ప్రజారోగ్యం చెప్పే అచ్యుత మీనన్ సెంటర్ గురించి విన్నాను. వీటిలో చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బీఎస్సీలో ఒక్క పేపర్ తప్ప సోషియాలజీ చదవని నర్సు నెగ్గుకురాగలదా? ఫీల్డ్‌వర్క్ మా ఊళ్లోనే చేయనిస్తారా?

ఇంట్లో ఎమ్మెస్సీ నర్సింగే చేయమంటున్నారు. వాళ్ల టెన్షన్ కూడా నిజమే, చెల్లి చదువు ఇంకా ఉంది. హాస్టల్‌తో కలిపి ఖర్చెంత, తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయో కూడా చెప్పండి.