వెంబ్లీ 1966: ఆ బంతి గీత దాటిందా, లేదా?

కరీంనగర్_వింగర్:
నిన్న రాత్రి మావాడికి లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన 1966 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ వీడియో చూపించాను. ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ 2-2. ఎక్స్‌ట్రా టైమ్, 101వ నిమిషం. ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ గిర్రున తిరిగి కొట్టిన బంతి క్రాస్‌బార్ (గోల్ పైనుండే అడ్డ కమ్మీ) అడుగున తగిలి నిలువునా కిందపడింది. జర్మనీ డిఫెండర్ వెబర్ తలతో బార్ పైనుంచి బయటికి పంపేశాడు. రిఫరీ డీన్‌స్ట్ మైదానం పక్కన జెండాతో ఉండే లైన్స్‌మన్ బహ్రామోవ్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన తలూపాడు, గోల్ ఇచ్చేశారు! మావాడు ఆపి ఆపి పదిసార్లు చూసినా తేల్చలేకపోయాడు. మీరేమంటారు? మీలో ఎవరికైనా లైన్ దగ్గర ఇలా చెప్పాల్సి వచ్చిందా?

పాత_గోలీ:
గోలే. పక్కనే ఉన్న ఇంగ్లండ్ ఫార్వర్డ్ రోజర్ హంట్‌ని చూడండి. బంతిని మళ్లీ లోపలికి తన్నడానికి పోకుండా చెయ్యెత్తేశాడు. అనుమానముంటే ఏ ఫార్వర్డ్ అయినా ఆగుతాడా?

మ్యూనిక్_మావయ్య:
ఇక్కడ జర్మనీలో ఆ మాట అంటే ఊరుకోరండీ. సున్నం పొడి లేచింది, అంటే గీత మీదే పడింది, పూర్తిగా దాటలేదు అంటారు. బంతి బార్‌కి తగిలి గీత దగ్గర పడితే చాలు, ఇప్పటికీ 'వెంబ్లీ టోర్' (వెంబ్లీ గోల్) అనే పిలుస్తారు. 1990ల్లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రేములు లెక్కగట్టి, పూర్తిగా దాటడానికి కనీసం 6 సెంటీమీటర్లు తక్కువైందని తేల్చారు. నాకు అదే నమ్మకం.

జెండా_పట్టినోడు:
నాకు వచ్చింది. హైదరాబాద్‌లో కాలేజీల టోర్నీ, సెమీఫైనల్. లైన్స్‌మన్ రాలేదని నా చేతికి జెండా ఇచ్చారు. ఫ్రీకిక్ బార్‌కి తగిలి కిందపడింది, గోలీ వెంటనే లాగేశాడు. నేను పెనాల్టీ బాక్స్ అంచుకు ఎదురుగా ఉన్నాను, గోల్ లైన్ దాకా పరుగెత్తే టైమ్ లేదు. రిఫరీ నా మొహం చూశాడు. చుట్టూ అరుపులు. గొంతు ఎండిపోయింది. తలూపేశాను. ఓడిన జట్టు కెప్టెన్ తర్వాత వచ్చి "అన్నా, నిజంగా చూశావా?" అని మెల్లగా అడిగాడు. బంతి కిందికి రావడం చూశాను, గీత మాత్రం చూడలేదు. ఆ మాట అతనికి చెప్పలేకపోయాను, ఇవాళ ఇక్కడ చెబుతున్నా. అందుకే బహ్రామోవ్‌ని తిట్టబుద్ధి కాదు. అజర్‌బైజాన్‌లో ఆయన పేరు మీద స్టేడియమే ఉంది.

లాంపార్డ్_ఫ్యాన్:
2010 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి అదే జర్మనీ మీద గీత దాటి చాలా లోపల పడినా గోల్ ఇవ్వలేదు. టీవీ ముందు ఏడ్చినంత పనైంది. 2014 వరల్డ్ కప్ కల్లా, బంతి గీత దాటిందో లేదో రిఫరీకి చెప్పే గోల్‌లైన్ టెక్నాలజీ వచ్చింది.

కరీంనగర్_వింగర్:
జెండా అన్నా, మీరు రాసింది మావాడికి చదివి వినిపించా. పొద్దున్నే పెరట్లో ముగ్గుతో గీత గీసి, సరిగ్గా దాని మీదే బంతి పెట్టాడు. బహ్రామోవ్‌లా గీతకి సూటిగా కాకుండా కాస్త మైదానం వైపు జరిగి ఏటవాలుగా నిలబడి చూడమన్నాడు. నాకైతే బంతి గీత అవతలే ఉన్నట్టు కనిపించింది.