నేను ఇంట్లో చెప్పాను, అతడు చెప్పలేదు: ఎంతకాలం ఆగాలి?

కృష్ణ ఒడ్డు:
అందరికీ నమస్కారం. నా వయసు 29, సొంత ఊరు తెనాలి దగ్గర ఒక పల్లె, ఉద్యోగం హైదరాబాదులో. నేను గే అన్న సంగతి పోయిన సంక్రాంతికి ఇంట్లో చెప్పాను. అప్పటికి మూడేళ్లుగా వచ్చిన ప్రతి సంబంధానికీ జాతకమనో, జీతమనో వంక పెట్టి తప్పించుకుంటూ వచ్చాను గాని, కనుమ మర్నాడు పెళ్లిచూపులు ఖాయం చేశామని నాన్నగారు చెప్పినప్పుడు, ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని నటించడం నా వల్ల కాదనిపించి, భోగి ముందు రాత్రి వంటింట్లో అమ్మకు చెప్పేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది. నాన్నగారు ఇప్పటికీ నాతో నేరుగా మాట్లాడరు. ధాన్యం అమ్మిన సంగతైనా, బీమా కట్టాల్సిన తేదీ అయినా అమ్మ నోటి ద్వారానే నాకు చేరుతుంది.

నా ప్రశ్న మాత్రం ఆ తరువాత జరిగిన దాని గురించి. ఇంట్లో చెప్పేశాక మనసు తేలికపడి, తొలిసారిగా దొంగతనం చేస్తున్నట్టు కాకుండా ఒక మనిషిని కలవగలిగాను. ఆరు నెలలైంది. అతడికి 31 ఏళ్లు, కరీంనగర్ వైపు కుటుంబం, ఒక్కడే కొడుకు, చెల్లెలి పెళ్లి ఇంకా కాలేదు. అతడి సంగతి వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. మొన్న అతడి మేనమామ నగరానికి వచ్చినప్పుడు నన్ను ఆఫీసు స్నేహితుడని పరిచయం చేశాడు. నేను తలూపి, ఆయనకు టీ పెట్టి ఇచ్చాను. మా ఇంట్లో వదిలించుకున్న నటనను వాళ్లింటి కోసం మళ్లీ మొదలుపెట్టానని ఆ రాత్రి నాకు అనిపించింది. ఇంట్లో చెప్పమని అతడిని అడగడం న్యాయమేనా? అడిగితే ఎంతకాలం ఆగాలి? మేమిద్దరం కలిసి ఇల్లు తీసుకుంటే చట్టప్రకారం మాకు ఏ మాత్రమైనా రక్షణ ఉంటుందా?

పాత సికింద్రాబాదు:
నాకు యాభై దాటాయి. మీ ప్రశ్న చదివి నా సంగతి కొంత చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు మన బతుకు నేరం కాదని చెప్పినప్పుడు, నేనూ నా స్నేహితుడూ ధైర్యం చేసి మారేడుపల్లిలో ఒక ఇంట్లో అద్దెకు దిగాం. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూస్తూ 1862 నుంచి అమలులో ఉన్న శిక్షాస్మృతి 377వ సెక్షన్ పీడ వదిలిందనుకున్నాం. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. నెల తిరగకుండానే అతడు సామాను సర్దుకుని వెళ్లిపోయాడు, మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నాడు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా 377 పరిధి నుంచి మనల్ని తప్పించే నాటికి అతడికి ఇద్దరు పిల్లలు. తీర్పు వచ్చిన రోజు నాకు ఫోన్ చేశాడు గాని, ఏమీ మాట్లాడలేకపోయాడు.

తప్పంతా చట్టానిదే అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నాలుగేళ్లలో ఇంటివాళ్లు ఒత్తిడి చేస్తే పెళ్లి చేసుకుంటావా అని నేను అతడిని ఒక్కసారి కూడా అడగలేదు, అడగకపోవడమే గౌరవమనుకున్నాను. కాబట్టి ఇంట్లో ఎప్పుడు చెబుతావని మీరు అడగవలసిన అవసరం నాకు కనబడదు. చెల్లెలి పెళ్లి అయ్యాక నీ పెళ్లి మాట వస్తుంది, అప్పుడేమంటావని అడగండి. చెప్పకుండానే జీవితమంతా పెళ్లి వద్దని నిలబడ్డవాళ్లు నాకు తెలుసు. చెప్పి కూడా అమ్మ ఏడుపు చూడలేక తలవంచి తాళి కట్టినవాళ్లూ తెలుసు. ఆ రెండో రకం పెళ్లిలో ఏ పాపమూ ఎరుగని ఒక ఆడపిల్ల జీవితం కూడా చిక్కుకుంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు, ఆ పెళ్లిచూపులకు మీరు కూర్చోనిది అందుకే కదా.

హుస్సేన్‌సాగర్ సాయంత్రం:
పెద్దాయన మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, గడువు పెట్టే ఆలోచన ఎవరికీ వద్దు. మాలాంటి అమ్మాయిల విషయంలో చెప్పడమంటే ఫోను లాక్కోవడం, ఊరికి తీసుకుపోయి గదిలో పెట్టడం దాకా వెళ్లగలదు. ఇలా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని వేసే హేబియస్ కార్పస్ కేసుల్లో, మనిషి మనసు మార్చే కౌన్సెలింగ్‌కు కోర్టులు పంపకూడదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించండి. అతడు దాచడం మిమ్మల్ని తక్కువ చేయడం కోసం కాకపోవచ్చు, తలదాచుకోవడం కోసం కావచ్చు.

ఓరుగల్లు టీచరమ్మ:
బాబూ, నేను రిటైరైన తెలుగు టీచరును, నా కూతురు నీలాంటిదే. తను చెప్పినప్పుడు నేను మీ అమ్మగారంత నిబ్బరంగా లేను. ఒక పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకుపోతే, ఆరు నెలలు వస్తే మార్చేస్తానన్నాడు. నాలుగుసార్లు తీసుకుపోయాను, ఆ నాలుగుసార్లకూ ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అలా మారుస్తామని చెప్పే వైద్యాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించిందని నాకు తరువాత తెలిసింది. మీ నాన్నగారికి ఎవరైనా ఆ దారి చూపిస్తే ఈ మాట చెప్పు.

నిజానికి నా భయం అమ్మాయి గురించి కూడా కాదు, కాలనీలో నలుగురి గురించి, ముసలితనంలో దానికి తోడెవరన్న దాని గురించి. రెండేళ్ల కిందట నాకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, నా కూతురి స్నేహితురాలు సెలవు పెట్టి వచ్చి పది రోజులు నా పక్కన ఉంది. డిశ్చార్జి కాగితాల మీద రోగితో సంబంధం అన్న గడిలో ఏం రాయాలో తెలియక ఆ పిల్ల పెన్ను పట్టుకుని నిలబడిపోయింది. కూతురు అని రాయి అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మీ నాన్నగారితో వాదించకు. ధాన్యం ధర గురించే అయినా నువ్వే ఆయనకు ఫోన్ చెయ్యి, ఆయన పెట్టేసినా వారానికోసారి చెయ్యి. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు స్నేహితుడిగానే వెళ్లు, వాళ్లమ్మ చేతి వంట తిను. ఎన్నడైనా చెప్పవలసి వస్తే అతడే చెప్పాలి. నీ నోటి నుంచి పొరపాటున కూడా రాకూడదు.

నల్లకోటు:
చట్టం సంగతి నేను చెబుతాను, తెలంగాణలో ప్రాక్టీసు చేస్తున్నాను. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. ఆ కేసు శీర్షికలో పేరున్న పిటిషనర్ సుప్రియో చక్రవర్తి, ఆయన భాగస్వామి అభయ్ డాంగ్ మన హైదరాబాదు వాళ్లే. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న దాంట్లో అయిదుగురూ ఏకమయ్యారు గాని, ఇలాంటి బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా అన్న చోట తీర్పు 3-2గా చీలింది. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో కొట్టివేశారు. అంటే మీరిద్దరూ చట్టం కళ్లకు పరాయివాళ్లే, కలిసి ఉండటం మాత్రం నేరం కాదు. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని చెప్పింది. ఇక్కడి కోర్టులు దానికి కట్టుబడనక్కరలేదు గాని, వాదనలో పనికొస్తుంది.

ఉన్నదాంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. అయితే నామినీ అంటే వారసుడు కాదు, సొమ్ము అందుకుని అసలు వారసులకు అప్పగించవలసిన మనిషి. అందుకే వీలునామా రాయండి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లికాని మగవాడి స్వార్జిత ఆస్తి ముందుగా తల్లికి పోతుంది, తండ్రి ఆ తరువాతి వరుసలో ఉంటాడు, ఈ మాట చెబితే మా దగ్గరకు వచ్చే నాన్నలు ఉలిక్కిపడతారు. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయించడం మేలు.

ఇంకొకటి. యాప్‌లలో పరిచయమైనవాళ్లు ఫొటోలు చూపించి పోలీసులకు పట్టిస్తామని బెదిరించే కేసులు నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 లేనే లేదు, బెదిరించి డబ్బు అడగడమే నేరం. రూపాయి కూడా ఇవ్వకుండా, సందేశాలు చెరిపేయకుండా, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

కృష్ణ ఒడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం అతడిని పెద్దాయన చెప్పిన ప్రశ్నే అడిగాను. చాలాసేపు గోడ వైపు చూసి, పెళ్లి చేసుకోనని తన చెల్లెలితో ఏడాది కిందటే చెప్పానని, ఎందుకన్నది మాత్రం ఆమె అడగలేదని అన్నాడు. నాకు ఇది తెలియనే తెలియదు. వచ్చే నెల ఇల్లు చూస్తున్నాం. నల్లకోటు గారూ, అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ పెట్టించుకోవచ్చా, యజమాని సంబంధమేమిటని అడిగితే ఏం రాయాలి?

నల్లకోటు:
పెట్టించుకోవచ్చు. 11 నెలల ఒప్పందంలో ఇద్దరూ ఉమ్మడి అద్దెదారులని రాస్తే సరిపోతుంది, సంబంధం రాయమని ఏ చట్టమూ అడగదు. అడ్వాన్సు ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో అందులోనే రాయించుకోండి.