స్థానీకృతమా, స్థానికీకృతమా? వోనేజ్ తీర్పులో ఒక మాట

పాతసంచిక: ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ వోనేజ్ మీద వెరిజాన్ వేసిన పేటెంట్ కేసు గురించి ఎప్పుడో చదివిన ఒక తెలుగు వ్యాసంలోని ముక్క బుర్రలో తిరుగుతోంది: "స్థానీకృత నిస్తంత్రీ ద్వార వ్యవస్థ..." (పేటెంట్‌లోని "లోకలైజ్డ్ వైర్‌లెస్ గేట్‌వే సిస్టమ్"కి తెలుగు). ఆ తర్వాత "కొద్ది అడుగుల" అని వస్తుంది. మిగతా వాక్యం ఎవరికైనా గుర్తుందా?

చ్విప్రత్యయం: అది స్థానికీకృత అయ్యుండాలండీ. స్థానీకృత అంటే స్థానంగా మార్చినది. స్థానికం కానిదాన్ని స్థానికం చేస్తే స్థానికీకృతం. ఆ "కి" పోతే అర్థమే మారిపోతుంది.

టవర్‌కింద: వ్యాకరణం సరే, కోర్టు చెప్పిన అర్థం చూడండి. 2007 మార్చిలో జ్యూరీ మూడు పేటెంట్ల ఉల్లంఘన జరిగిందని తేల్చి 5.8 కోట్ల డాలర్లు, పైన 5.5 శాతం రాయల్టీ వేసింది. సెప్టెంబరులో ఫెడరల్ సర్క్యూట్ (అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే కోర్టు) రెండింటిని నిలబెట్టి, మూడోదాన్ని కింది కోర్టుకు తిప్పి పంపింది. ఆ మూడోది తిరగబడింది ఈ "లోకలైజ్డ్" దగ్గరే. అదే కుటుంబంలోని మరో దరఖాస్తులో, తమ వైర్‌లెస్ ఫోన్, దాన్ని నెట్‌వర్క్‌కి కలిపే గేట్‌వేకి కొద్ది అడుగుల లోపే పనిచేస్తుందని దరఖాస్తుదారులే చెప్పుకున్నారు. ఆ హద్దు ఇక్కడా వర్తిస్తుందన్నారు జడ్జీలు. స్థానిక అంటే మనకు స్థానిక సంస్థల ఎన్నికలే గుర్తొస్తాయి. నా ఓటు "పరిమితక్షేత్ర"కి.

చ్విప్రత్యయం: అందులో "చేసిన" అన్న క్రియ ఏదీ? హద్దు దానంతట అది రాలేదు, ఒకరు గీశారు. "కృత" ఉండాల్సిందే.

గీతాపాఠి: నన్నడిగితే ఆ కేసులో అసలు రుచి "ట్రాన్స్‌లేషన్" అన్న మాటలో ఉంది. నెట్‌వర్క్ పొరలుపొరలుగా పనిచేస్తుంది కదా, అందులో పై పొర చిరునామా కింది పొర చిరునామాగా మారితేనే అది ట్రాన్స్‌లేషన్ అని వోనేజ్ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. నాకు వెంటనే తిక్కన గుర్తొచ్చాడు. 700 శ్లోకాల గీతను కొద్ది పద్యాల్లో ముగించాడు. అయినా ఆ 15 పర్వాలను తెనిగించలేదని ఎవరంటారు? తెనిగించడం అంటే మూలం అంతే పొడవుండాలని లేదు.

టవర్‌కింద: తిక్కన విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆ ట్రాన్స్‌లేషన్ చేసే సర్వర్ విషయంలో కాదు. అది ఫోన్ నంబరు తీసుకుని, కాల్ ఎక్కడికి వెళ్లాలో ఆ చిరునామా ఇస్తుంది. క్లుప్తం చేయడానికి అక్కడ చోటే లేదు. దాన్ని "మార్పిడి" అంటే చాలు. ఇంత సన్నని తేడాల మీద ఎంత డబ్బు నడిచిందో చూడండి. ఆ ఏడాదే స్ప్రింట్ 8 కోట్ల డాలర్లకు, ఏటీ అండ్ టీ 3.9 కోట్లకు వోనేజ్‌తో రాజీ కుదుర్చుకున్నాయి. ల్యాండ్‌లైన్ ఖాతాదారులను తన్నుకుపోతున్న కంపెనీ మీద పాత కంపెనీలకు పేటెంటే ఆయుధమైంది.

గీతాపాఠి: మార్పిడి అంటే నోట్ల మార్పిడిలా ఉంది. "పరివర్తన" అనండి.

చ్విప్రత్యయం: అన్నిటికన్నా నన్ను బాధిస్తున్నది "నిస్తంత్రీ". తంత్రి అనగానే వీణ తీగ కళ్లకు కడుతుంది. "తీగలేని" అని హాయిగా రాయొచ్చు కదా?

పాతసంచిక: "తీగలేని స్థానికీకృత" అని పక్కపక్కన పెట్టి చదవండి, నోట్లో తిరగదు.